ఫారం నింపాక జవాబు ఎక్కడికి వెళ్తోంది?

ఇప్పుడు ఏ చిన్న పనికైనా ఫోనుకు ఒక లింకు వస్తోంది. హాస్టల్లో భోజనం ఎలా ఉందో చెప్పమని ఒక ఫారం. అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకరు ఎన్ని రోజులకోసారి కావాలో చెప్పమని ఒక ఫారం. రక్తదాన శిబిరానికి పేరు ఇవ్వమని ఇంకో ఫారం. నొక్కుతాం, నింపుతాం, పంపేస్తాం. మీ జవాబు నమోదైందని తెర మీద కనిపిస్తుంది. ఆ తర్వాత ఏమైంది? ఆ జవాబు ఎక్కడికి వెళ్లింది? ఎవరు చూశారు? చూసినవాళ్లు ఏం చేశారు? ఈరోజు మనం మాట్లాడుకునేది దాని గురించే. సర్వేలో వచ్చిన జవాబును, మధ్యలో ఎవరూ చేత్తో ఎక్కించే పని లేకుండా, ఇంకో యాప్‌కు చేర్చే పద్ధతి ఉంది. దాన్ని ఆటోమేషన్ అంటున్నారు. పెద్ద కంపెనీలకే కాదు, ఒక బడికి, ఒక కాలనీ సంఘానికి, ఒక రైతు సంఘానికి కూడా ఇది అందుబాటులో ఉంది. అయితే దీన్ని చాలామంది తప్పు కొస నుంచి మొదలుపెడుతున్నారు. ముందు ఫారం తయారుచేస్తారు. ఆ తర్వాత దాన్ని దేనికి తగిలిద్దామా అని వెతుకుతారు. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు. జవాబు వస్తే కదలాల్సిన మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. ఆ మనిషికి ఏ సమాచారం, ఎంతసేపట్లో అందాలో తేల్చుకోండి. ఫారం రాయడం ఆ తర్వాతే.

దీని వెనకున్న సంగతి కాస్త చూద్దాం. అమెరికాలో సర్వేమంకీ అనే సర్వే వెబ్‌సైటు 1999లో మొదలైంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా సొంతంగా ప్రశ్నావళి పెట్టుకునే వీలు అప్పటి నుంచి పెరుగుతూ వచ్చింది. 2008లో గూగుల్ తన షీట్లలో భాగంగా ఫారం తయారుచేసుకునే వీలు ఇచ్చింది. మరుసటి ఏడాది, 2009లో, ఆ షీటు చేత మనకు కావలసిన పని చేయించడానికి యాప్స్ స్క్రిప్ట్ అనే సాధనం వచ్చింది. 2011లో జాపియర్ అనే సంస్థ మొదలైంది. కోడు రాయడం రానివాళ్లు కూడా ఒక యాప్‌ను ఇంకో యాప్‌తో కలుపుకునే దారి అది చూపింది. మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటివి కూడా అదే పని చేస్తాయి. పేర్లు వేరు, లోపలి సూత్రం ఒక్కటే. ఇది జరిగితే అది చెయ్యి. అంతే. ఫారం పంపగానే మెయిల్ పంపు. మార్కు అయిదు కన్నా తక్కువ ఉంటే వార్డెన్‌కు కబురు పెట్టు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒక రకంలో, కలిపే సాధనం కొంతసేపటికి ఒకసారి వెళ్లి కొత్త జవాబు వచ్చిందా అని అడుగుతుంది. కొన్ని ఉచిత పథకాల్లో ఇది పావుగంటకోసారి జరుగుతుంది. రెండో రకంలో, జవాబు రాగానే ఫారమే కబురు పంపుతుంది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. 2007లో జెఫ్ లిండ్సే అనే ప్రోగ్రామర్ పెట్టిన పేరు అది. హాస్టల్ భోజనం సంగతికి పావుగంట ఆలస్యమైతే నష్టం లేదు. అత్యవసరంగా రక్తం కావలసిన చోట పావుగంట చాలా ఎక్కువ.

చెరువు నిండినంత మాత్రాన మడి తడవదు. తూము తెరవాలి. కాలువ పూడకుండా ఉండాలి. నీళ్లు చివరి మడి దాకా పారాలి. మన సంస్థల్లో చాలా సర్వేలు చెరువు నిండిన దగ్గరే ఆగిపోతున్నాయి. షీటులో వందల వరసలు చేరుతాయి. నెలాఖరున ఎవరో తెరిచి చూస్తారు. అప్పటికి జవాబు పాతబడిపోతుంది. జవాబుకు కూడా వయసు ఉంటుంది. ఎంత త్వరగా పాతబడుతుందన్నది విషయాన్ని బట్టి ఉంటుంది.

దీనికి మన పొలాల్లోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. పత్తి పండించే రైతులకు గులాబీ రంగు పురుగు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. దాని ఉద్ధృతిని కనిపెట్టడానికి చేలో లింగాకర్షక బుట్టలు పెడతారు. ఆ బుట్టలో పడిన రెక్కల పురుగుల్ని లెక్కపెడతారు. ఒక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున, వరుసగా మూడు రాత్రులు పడితే, ఇక ఊరుకోకూడదని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎందుకంటే, గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల పురుగు త్వరలోనే మొగ్గలోకో, కాయలోకో దూరిపోతుంది. ఒకసారి లోపలికి వెళ్లాక పైన చల్లిన మందు దానికి తగలదు. అంటే మేలుకోవడానికి ఉన్న వ్యవధి కొద్ది రోజులే. ఇప్పుడు ఒక రైతు సంఘం పది ఊళ్లలో బుట్టలు పెట్టిందనుకుందాం. ప్రతి పొద్దునా ఒక యువకుడు బుట్ట చూసి, లెక్కను ఫారంలో నింపి పంపుతాడు. ఊరు, బుట్ట నంబరు, పురుగుల లెక్క. ఆ జవాబులు షీటులో పడుతున్నాయి. శనివారం సంఘం ఆఫీసులో ఎవరో షీటు తెరిచారు. ఒక ఊళ్లో సోమ, మంగళ, బుధవారాల్లో తొమ్మిది, పదకొండు, పద్నాలుగు పడ్డాయని అప్పుడు తెలిసింది. లెక్క సరిగానే ఉంది. నింపిన కుర్రాడి తప్పు లేదు. అయినా మూడు రోజులు పోయాయి. ఆ మూడు రోజులే పత్తి రైతుకు ముఖ్యం.

ఇదే షీటుకు ఆటోమేషన్ తగిలిస్తే ఏం జరుగుతుందో చూడండి. కొత్త జవాబు వచ్చి వరసగా చేరగానే చిన్న స్క్రిప్టు మేలుకుంటుంది. ఆ వరసలో ఊరు, బుట్ట నంబరు, తేదీ, లెక్క చదువుతుంది. అదే బుట్టకు ముందు రెండు రోజుల లెక్కల్ని వెతుకుతుంది. మూడు రోజులూ ఎనిమిదికి తగ్గకుండా ఉన్నాయా? ఉంటే కబురు పంపుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. కబురు ఎవరికి? తెలంగాణలో అయితే వ్యవసాయ విస్తరణాధికారికి, అంటే ఏఈఓకు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ వ్యవసాయ సహాయకుడికి. సంఘం తరఫున రైతులకు ఫోను చేసే మనిషికి కూడా. బుధవారం పొద్దున కుర్రాడు ఫారం నొక్కిన నిమిషంలోపే ఆ కబురు చేరుతుంది. ఫారం అదే. ప్రశ్నలు అవే. బుట్ట అదే. మారినదల్లా జవాబు వెళ్లి ఆగిన చోటు. ఇందులో ఇంకో సంగతి గమనించండి. ఎనిమిది, మూడు రాత్రులు అన్న నియమాన్ని యంత్రం కనిపెట్టలేదు. శాస్త్రవేత్తలు చెప్పారు. నియమం స్పష్టంగా ఉంది కాబట్టే యంత్రానికి అప్పగించగలిగాం. మీ సంస్థలో ఎప్పుడు కదలాలన్న నియమం మీకే స్పష్టంగా లేకపోతే, ఏ యాపూ దాన్ని మీకు తెచ్చిపెట్టదు.

మరి ప్రతి జవాబుకూ ఒక కబురు పెడితే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. కాదు. రోజుకు నలభై కబుర్లు వచ్చే ఫోనును మూడో రోజు నుంచి ఎవరూ చూడరు. చప్పుడు ఆపేసి పక్కన పెడతారు. నిజంగా అవసరమైన కబురు ఆ నలభైలో కలిసిపోతుంది. అందుకే మళ్లీ అదే ప్రశ్న దగ్గరకు రావాలి. కదలాల్సిన మనిషి ఎవరు? కదలాల్సినప్పుడే అతనికి కబురు వెళ్లాలి. మిగతా లెక్కలన్నీ వారానికోసారి ఒక్క మెయిల్‌గా వెళ్తే చాలు. ఆ కబురు కూడా విడమరిచి ఉండాలి. కొత్త జవాబు వచ్చింది అని ఒక్క ముక్క పంపితే చదివినవాడు మళ్లీ షీటు తెరిచి వెతుక్కోవాలి. ఏ ఊరు, ఏ బుట్ట, మూడు రోజుల లెక్కలు ఎంతెంత, ఎవరికి ఫోను చేయాలి. ఇవి అందులోనే ఉండాలి.

ఇక ఫారం రాయడం దగ్గర కొన్ని చిక్కులున్నాయి. పైకి చిన్నవిగా కనిపిస్తాయి. మొత్తం ఏర్పాటు చెడేది మాత్రం సాధారణంగా వీటి దగ్గరే. ఊరి పేరు మీరే టైపు చేయండి అని ఖాళీ వదిలారనుకోండి. ఒకరు కొత్తపల్లి అని కలిపి రాస్తారు. ఇంకొకరు కొత్త, పల్లి అని మధ్యలో చోటు వదులుతారు. వేరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మనిషి కంటికి మూడూ ఒకటే. యంత్రానికి మూడూ మూడు ఊళ్లు. పైగా రెండు రాష్ట్రాల్లోనూ కొత్తపల్లి అనే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి టైపు చేయమనకండి. మండలం, ఊరు ఎంచుకునే జాబితా ఇవ్వండి. ఫోను నంబరుకు పది అంకెలే ఉండాలన్న నిబంధన ఫారంలోనే పెట్టవచ్చు. రెండో చిక్కు సమయం. షీటుకు సొంత టైమ్ జోన్ ఉంటుంది. అది అమెరికా సమయంలో ఉండిపోతే, మన పొద్దున్న నింపిన లెక్క నిన్నటి తేదీతో పడవచ్చు. వరుసగా మూడు రాత్రులు అన్న లెక్క అక్కడే తప్పుతుంది. సెట్టింగుల్లో భారత కాలమానం ఉందో లేదో ఒక్కసారి చూసుకుంటే చాలు. మూడో చిక్కు, ప్రశ్నను మధ్యలో మార్చడం. ఎవరో మంచి ఉద్దేశంతోనే గ్రామం అన్న ప్రశ్నను మీ ఊరి పేరు అని మారుస్తారు. చదివేవాళ్లకు అది మెరుగే. కానీ స్క్రిప్టు గ్రామం అనే శీర్షిక కోసం వెతుకుతోంది. అది దొరకదు. కబుర్లు ఆగిపోతాయి. ఫారం మాత్రం మామూలుగానే జవాబులు తీసుకుంటూ ఉంటుంది. బయట నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ప్రశ్న మార్చిన ప్రతిసారీ, ఒక జవాబు మీరే పంపి, కబురు చేరిందో లేదో చూసుకోవాలి.

దీని మీద వచ్చే అభ్యంతరాలు తక్కువేం కాదు. వాటిని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. మొదటిది, ముప్పై జవాబులకు ఇంత ఏర్పాటు ఎందుకు? చేత్తో చూసుకోవచ్చు కదా? ఒప్పుకుంటాను. ఒక్కసారి చేసే చిన్న సర్వేకు ఆటోమేషన్ అక్కర్లేదు. కూర్చుని చదవండి. చదివితే అంకెల్లో కనిపించనివి కూడా తెలుస్తాయి. రోజూ వచ్చేవి, త్వరగా పాతబడేవి, నియమం స్పష్టంగా ఉన్నవి, వీటికే ఈ పద్ధతి. రెండో అభ్యంతరం, జవాబుల్ని ఎక్కించే మనిషి ఉపాధి ఏమవుతుంది? ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. కాపీ చేసే పనే ఆధారంగా బతికే మనిషికి నష్టం నిజమే. అయితే మన పత్తి ఉదాహరణలో మిగిలిన పని ఏమిటో చూడండి. రైతుకు ఫోను చేయాలి. చేనుకు వెళ్లి, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు ఉన్నాయేమో చూడాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది అధికారిని అడిగి చెప్పాలి. ఇవి యంత్రం చేసేవి కావు. ఎక్కించే పని తప్పించి ఆ మనిషికి ఈ పని ఇస్తే సంఘానికీ రైతుకూ లాభమే. అతన్ని ఇంటికి పంపేసి యంత్రాన్ని మాత్రం ఉంచుకుంటే, కబురు వస్తుంది, కదిలే మనిషి ఉండడు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. యంత్రం చెప్పకుండా ఆగిపోతే? ఇది ఊహ కాదు. ఇంగ్లండులో 2020 శరదృతువులో అదే జరిగింది. కోవిడ్ పరీక్షల ఫలితాలు ల్యాబుల నుంచి ప్రజారోగ్య సంస్థకు ఫైళ్లుగా వచ్చేవి. వాటిని దానంతటదే ఎక్సెల్ ఫైల్లోకి చేర్చే ఏర్పాటు ఉండేది. ఆ ఎక్సెల్ పాత రకం. అందులో 65,536 వరసలకు మించి పట్టవు. ఫైలు నిండిపోయింది. మిగిలిన వరసలు లోపలికి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోంచి తప్పిపోయాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లకు తమ ఫలితం తెలిసింది. కానీ వాళ్లతో దగ్గరగా మెలిగినవాళ్లను వెతికి హెచ్చరించే సిబ్బందికి ఆ పేర్లు వెళ్లలేదు. రోగం పాకుతున్న రోజుల్లో, హెచ్చరిక అందాల్సినవాళ్లకు అందలేదు. దీన్ని చూసి ఆటోమేషనే వద్దనడం సరికాదు. రోజుకు వేలల్లో వచ్చే ఫలితాల్ని చేత్తో ఎక్కిస్తే తప్పులూ ఆలస్యాలూ ఇంకో రకంగా వచ్చేవి. దీని నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. పంపిన చోట ఎన్ని, చేరిన చోట ఎన్ని? ఈ రెండు అంకెల్నీ రోజూ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు ఉంటే, తేడా మొదటి రోజే బయటపడేది. మీ చిన్న ఫారానికీ ఇదే వర్తిస్తుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక మెయిల్ రావాలి. ఈరోజు ఫారంలో వచ్చిన జవాబులు ఇన్ని, చూసిన లెక్కలు ఇన్ని, పంపిన కబుర్లు ఇన్ని. ఏదీ జరగని రోజు కూడా ఆ మెయిల్ రావాలి. ఆ మెయిల్ రాలేదంటే ఏదో ఆగిపోయిందని తెలిసిపోతుంది. మళ్లీ చెబుతున్నాను. అక్కడ ఎన్ని, ఇక్కడ ఎన్ని? ఈ లెక్క లేకుండా ఏ ఆటోమేషన్‌నూ నమ్మకండి.

ఆగిపోవడానికి ఇంకా మామూలు కారణాలూ ఉంటాయి. గూగుల్ షీటుకు తగిలించిన ట్రిగ్గరు, అంటే స్క్రిప్టును మేలుకొలిపే ఏర్పాటు, దాన్ని పెట్టిన మనిషి ఖాతా మీద నడుస్తుంది. ఆ మనిషి ఉద్యోగం మానేశాడు, ఖాతా తీసేశారు, ట్రిగ్గరు ఆగింది. కాబట్టి సంఘం పేరున ఒక ఖాతా పెట్టండి. దాని తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. ఇంకొకటి, మామూలు జీమెయిల్ ఖాతా నుంచి యాప్స్ స్క్రిప్ట్ రోజుకు దాదాపు వంద మందికే మెయిల్ పంపనిస్తుంది. నూటొకటో మనిషికి వెళ్లదు. ఎస్సెమ్మెస్ పంపాలంటే మన దేశంలో వేరే నిబంధన ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నియమాల ప్రకారం, పంపే సంస్థ పేరునూ, పంపే వాక్యం నమూనానూ టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదు చేసుకోవాలి. దీనికి కొన్ని రోజులు పడుతుంది. పురుగు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. విత్తనం వేసేనాటికే ఇది పూర్తి చేసుకోవాలి.

నాలుగో అభ్యంతరం గోప్యత. ఒక యాప్‌ను ఇంకో యాప్‌తో కలిపినప్పుడల్లా, జవాబులు ఇంకొకరి కంప్యూటర్ గుండా వెళ్తాయి. మూడు యాప్‌లు కలిపితే మూడు చోట్ల ప్రతి మిగలవచ్చు. పేరు, ఫోను, కులం, ఆధార్ అంటూ అడిగి పెట్టుకున్న ఫారాలు ఎన్నో కనిపిస్తున్నాయి. పురుగుల లెక్కకు ఆధార్ ఎందుకు? హాస్టల్ భోజనం గురించి అడగడానికి కులం ఎందుకు? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెప్పే సూత్రం ఇదే. ఏ పనికోసం అడుగుతున్నారో చెప్పాలి. ఆ పనికి కావలసినంత వరకే తీసుకోవాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలుండాలని కూడా చట్టం అంటోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కాబట్టి మీ ఫారం పైన నాలుగు తెలుగు వాక్యాలు ఉండాలి. ఈ జవాబు ఎవరికి వెళ్తుంది, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతాం, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి. కదలాల్సిన మనిషి ఎవరో ముందే తేల్చుకున్న సంస్థకు ఈ నాలుగు వాక్యాలు రాయడం కష్టం కాదు. అవి రాయడానికి ఇబ్బంది పడుతున్నారంటే ఆ ఫారం ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

స్మార్ట్‌ఫోను లేనివాళ్ల సంగతి కూడా ఉంది. వాళ్ల తరఫున ఊళ్లో ఒకరు నింపవచ్చు. సిగ్నలు లేని చోట నింపి, సిగ్నలు దొరికాక పంపే సాధనాలున్నాయి. కోబో టూల్‌బాక్స్, ఓడీకే ఆ కోవలోవి. తెలుగులోనే ప్రశ్నలు పెట్టుకోవచ్చు. వీటి నుంచి కూడా జవాబుల్ని వేరే చోటికి పంపే వీలుంది. కానీ కబురు చేరాల్సిన రైతుకు మామూలు ఫోనే ఉంటే, చివరి అడుగు మనిషి గొంతుతోనే పడాలి. అక్కడ యంత్రం ఏఈఓను మేలుకొలిపితే చాలు. ఏఈఓ ఫోను చేస్తారు.

చివరగా ఒక విన్నపం. ఫారం నింపిన మనిషి గురించి మనం ఆలోచించడం చాలా తక్కువ. రోజూ పొద్దున్నే చేలోకి వెళ్లి బుట్ట చూసి లెక్క పంపే ఆ కుర్రాడికి, తన లెక్క వల్ల ఏం జరిగిందో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే కొన్నాళ్లకు అతను బుట్ట చూడకుండానే ఏదో ఒక అంకె వేస్తాడు. తప్పు అతనిది కాదు. అదే ఆటోమేషన్‌తో అతనికీ ఒక కబురు పంపవచ్చు. మీరు బుధవారం పంపిన లెక్క చూసి ఊళ్లో రైతులను హెచ్చరించాం అని. ఇది పంపడానికి స్క్రిప్టులో ఇంకో వరస చాలు. సంఘాలు, బడులు, ఆఫీసులు నడిపే మిత్రులను అడుగుతున్నాను. మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న ఫారాల్లో ఒక్కదాన్ని ఈ వారం తెరవండి. చివరి జవాబు ఏ తేదీన వచ్చిందో, దాన్ని ఎవరు చదివారో చూడండి. చదివినవాళ్లు లేకపోతే ఆ ఫారాన్ని మూసేయండి. ఉంటే, జవాబిచ్చిన ఆ మనిషికి ఈరోజే ఒక మాట తిరిగి పంపండి.